పడటం చేతకానివాడు

దుబాయి పక్క ఎడారిలో, సజ్జాలో సిమెంటు గోడలు పోతపోసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని గేటు పక్కన ఒక పచ్చ బోర్డు, బోర్డు నడుమ మూడు అంకెలు. పనిలో ఎవరికీ దెబ్బ తగలకుండా ఎన్ని రోజులు గడిచాయో ఆ అంకెలు చెబుతాయి. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ హయాత్ బాషా స్టూలెక్కి పాత పలక తీసి కొత్త పలక తగిలించేవాడు. లోపలికి వచ్చే ప్రతివాడి కళ్లూ ముందు దాని మీదే పడేవి.

రెండువేల పదహారులో, ఎండలు ముదిరే రోజుల్లో, ఆ అంకె మూడు వందల అరవై అయిదుకు చేరింది. కంపెనీ ముందే మాట ఇచ్చింది గనక అచ్చుల షెడ్డులో పనిచేసే అరవై మందికీ బహుమతి ప్రకటించారు. ఏమిటయ్యా ఆ బహుమతి అంటే, శుక్రవారం దుబాయి తీసుకుపోయి, ఒక పెద్ద మాల్ లోపల కట్టిన మంచుకొండ మీద జారించడం. మంచు కావాలని ఆ అరవై మందిలో ఏ ఒక్కడూ అడిగి ఎరగడు. అడిగే వీలుంటే శుక్రవారం ఇంకో రెండు గంటలు పడుకోనిమ్మని అడిగేవాళ్లు, లేదా గదిలో ఏసీ బాగుచేయించమనేవాళ్లు. కానీ బహుమతి ఇచ్చేవాళ్లకు తమకు నచ్చిందే ఇవ్వడం అలవాటు.

ఆ మూడు వందల అరవై అయిదు రోజుల్లో ఎవరికీ దెబ్బ తగల్లేదన్న మాట శుద్ధ అబద్ధం. రెండు వందల డెబ్బై నాలుగో రోజున వెంకట్రాములు ఎడమ మోకాలి మీద అచ్చు తలుపు పడింది. అది నలుగురు ఎత్తే ఇనుప పలక. పడ్డ చప్పుడు షెడ్డంతా వింది. అయినా మర్నాడు పొద్దున హయాత్ బాషా స్టూలెక్కి రెండు వందల డెబ్బై అయిదు తగిలించాడు.

ఎందుకంటే, అంతకు ముందు ఏడాది షావలి అనే రాయలసీమ మనిషి వేలు తెగితే, తెగిందని చెప్పాడు. చెప్పిన పాపానికి మూడు వందల నలభై మీద ఉన్న బోర్డు మర్నాడు సున్నా అయింది. ఆ తరువాత నెలరోజులు షావలితో ఎవరూ మాట్లాడలేదు, పక్కన కూర్చుని తిననైనా తినలేదు. అతను కట్టు కట్టుకున్న చేత్తో పెట్టె మోసుకుని వేరే క్యాంపుకు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ షెడ్డులో ఎవరికి ఏ దెబ్బ తగిలినా 'బాత్రూములో జారిపడ్డాను' అనడమే ఆనవాయితీ. కంపెనీ డాక్టరు కూడా అడక్కుండానే అదే రాసుకునేవాడు. ఆ క్యాంపు బాత్రూముల్లో జారిపడినంత మంది ఈ ఎడారి దేశంలో మరెక్కడా జారిపడి ఉండరు.

ఆ రోజు ఫోర్‌మన్ గులాం మొహిద్దీన్ పరుగెత్తుకొచ్చి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆయన నిజామాబాదు మనిషి. కసాయివాడేమీ కాదు. "ఏం రాసుడు రాములూ?" అని అడిగాడు. నిజానికి ఆయన ఇంకో మాట చెప్పనేలేదు. చుట్టూ నిలబడ్డ అరవై మొహాలనూ చూసి వెంకట్రాములే అన్నాడు, "బాత్రూముల జారిపడ్డ సాబ్." నోటితో అన్నదానికి కింద వేలిముద్ర కూడా వేశాడు.

వేలిముద్ర వేసినంత తేలిగ్గా మోకాలు మానలేదు. వాపు తగ్గింది గానీ లోపల ఏదో చెదిరిపోయింది. కాలు తిన్నగా చాపబోతే మధ్యలో ఆగిపోతుంది, తలుపు సందులో రాయి పడ్డట్టు. కాస్త వంచి పెట్టుకుంటే ఓర్చుకోవచ్చు. గొంతుక్కూర్చుంటే మాత్రం లేవలేడు. స్కానింగ్ తీయించమంటే, పని వల్ల తగిలిన దెబ్బ కాదు గనక కుదరదన్నారు. మాత్రలిచ్చి పంపారు. అప్పటి నుంచి అతని జంట పనివాడు భోజన్న, కింద కూర్చుని కడ్డీలు కట్టే పనంతా తానే చేసుకుని, నిలబడి చేసే పని వెంకట్రాములుకు వదిలేవాడు. భోజన్నది కూడా వెంకట్రాములులాగే జగిత్యాల పక్కే. వయసులో ఆరేళ్లు పెద్ద. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

ఇలా దాచుకుంటూ ఎన్నాళ్లు? మంచుకొండ శుక్రవారం దాటాక వచ్చే గురువారం మెడికల్ ఉంది. వీసా మళ్లీ వేయాలంటే కంపెనీ డాక్టరు ముందు మూడుసార్లు కూర్చుని లేవాలి. లేవలేనివాణ్ణి ఖలాస్ అని ఇంటికి పంపిస్తారు.

ఇంటికి పోవడానికి వెంకట్రాములుకు బెంగ లేదు. ఆరేళ్లయింది, పోవాలనే ఉంది. పోయి ఏం చేస్తాడన్నదే గుండెల్లో రాయి. అతను కల్లుగీసే గౌడు. పదిహేనో ఏట మోకుతాడు నడుముకు తగిలించుకుని తాటిచెట్టు ఎక్కడం మొదలుపెట్టాడు. దుబాయి వచ్చేదాకా పొద్దునా సాయంత్రం కలిపి రోజుకు ముప్పై చెట్లు ఎక్కి దిగాడు. కాళ్లు సహకరించకపోయినా చేతులతో ఏదో ఒకటి చేసుకు బతికేవాళ్లున్నారు. గౌడుకు బతుకంతా కాళ్లలోనే. అక్కడ చెట్టుకైనా ఇక్కడ షెడ్డుకైనా ఆ మోకాలే ఆధారం. అది పోతే అతను ఎక్కడికీ పనికిరాడు. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే నిద్రలో కూడా ఆ కాలి మీద చెయ్యి వేసుకునే పడుకునేవాడు.

మంచుకొండ సంగతి తెలిసిన రోజు భోజన్న పక్కమీద లేచి కూర్చున్నాడు.

"రాములూ, నీ మోకాలుకు దారి దొరికింది రా."

"ఏం దారే?"

"గా మంచుల పడు. గంతే. అందరి ముంగట పడు. పెద్ద మేనేజరు ముదీర్ కండ్ల ముంగట పడు. గప్పుడు బాత్రూమ్ అనుడు నడువదు కదా! కంపెనీయే తీస్కపోయింది, కంపెనీయే జారిపిచ్చింది. గాడ డాక్టరుంటడట, ఎవడన్న పడితె కాగితం రాస్తడట. గా కాగితం చేతుల పడ్డదంటె స్కానింగ్ జేపియ్యాలె, ఆపరేషన్ జేపియ్యాలె."

అబద్ధమాడటం వెంకట్రాములుకు కష్టంగా తోచింది. భోజన్న అది కనిపెట్టి కసిరాడు. "అచ్చు మీద పడ్డదాన్ని బాత్రూమ్ అంటివి. బాత్రూమ్‌దాన్ని మంచు అంటె తప్పైతదా? దెబ్బ నీదే, కాలు నీదే."

మూడు నెలల్లో మొదటిసారి వెంకట్రాములుకు ఆశ పుట్టింది. ఆ రాత్రి ఊళ్లో ఉన్న భార్య సమ్మవ్వకు ఫోన్ చేసినప్పుడు కూడా గొంతులో ఆ వెలుగు వినిపించి ఆమె అడిగింది, మోకాలు తగ్గిందా అని. తగ్గే దారి దొరికిందన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున రెండు బస్సుల్లో బయలుదేరారు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు, తలకు నూనె రాసుకున్నారు. ఆఫీసు నుంచి విక్రమ్ వచ్చాడు. గుంటూరు కుర్రాడు, ముప్పై లోపు, మనుషుల కాగితాలన్నీ అతని చేతిలోనే ఉంటాయి. ముదీర్ తన కారులో వెనక వచ్చాడు.

మాల్ లోపల ఎంత నడిచినా తరగలేదు. చివరికి ఒక అద్దాల గోడ, దాని వెనక తెల్లగా కొండ. గోడ ఇవతల జనం కాఫీ తాగుతూ లోపలివాళ్లను చూస్తున్నారు. తలుపు దగ్గర ఏవో కాగితాలిచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఎవడూ చదవలేదు, అలవాటైన పనే గనక వరసగా పెట్టేశారు. ఆ తరువాత ఒక్కొక్కడికీ నీలిరంగు కోటు, మందపాటి ప్యాంటు, మేజోళ్లు, ప్లాస్టిక్ బూట్లు ఇచ్చారు. ఆ బూట్ల బరువుకు కొందరు నిలబడ్డచోటే నవ్వడం మొదలుపెట్టారు. వెంకట్రాములు ఎడమ బూటు తొడుక్కునేందుకు కాలు చాపలేకపోయాడు. భోజన్న మోకాళ్ల మీద కూర్చుని, ఎవరికీ కనపడకుండా అడ్డంగా తిరిగి, బూటు తొడిగి బకిళ్లు బిగించాడు.

లోపలికి అడుగుపెట్టగానే చలి మొహాన కొట్టింది. బయట ఎండలో కారు డోరు ముట్టుకుంటే కాలుతుంది. ఇక్కడ ఊపిరి పొగలాగ వస్తోంది. వాళ్లలో పోతపోసే రాకేశ్, వెంకట్రాములు ఊరి కుర్రాడు, ఒక్కడే దోసెడు మంచు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "ఐసు గోలా లెక్కుంది," అన్నాడు. మిగతావాళ్లు ముట్టుకుని చేతులు దులుపుకున్నారు.

నేర్పించే మనిషి పేరు సనావుల్లా. ఎర్రకోటు వేసుకున్న పాకిస్తానీ. వాళ్ల ఊరు పైన కొండల్లో ఉందట, ఏడాదిలో అయిదు నెలలు అక్కడ ఇంటి ముందు మంచే. ఉర్దూలో నింపాదిగా చెప్పుకొచ్చాడు. పొడుగాటి పట్టీలు రెండు బూట్లకు తగిలించుకోవాలి, ముందుకు వాలాలి, ముక్కు పట్టీల మీదికి రావాలి. "ఔర్ సబ్ సే బడీ బాత్, ఘుట్నే మోడ్‌కే రఖో. మోకాళ్లు వంచే ఉంచండి. నిటారుగా నిలబడ్డవాడు పడతాడు," అని తన మోకాళ్లు వంచి చూపించాడు. పడితే ఏంచేయాలని భోజన్న అమాయకంగా అడిగాడు. దెబ్బ తగిలితే తనను పిలవాలనీ, తాను రిపోర్టు రాస్తాడనీ, డాక్టరు పక్క గదిలోనే ఉంటాడనీ సనావుల్లా చెప్పాడు. భోజన్న వెనక్కి తిరిగి వెంకట్రాములు వైపు కన్ను గీటాడు.

కదిలే పట్టా ఒకటి మనుషుల్ని నిలబెట్టి వాలు మీదికి తీసుకుపోతుంది. మొదట ఎక్కినవాళ్లు ఎక్కినట్టే కిందపడ్డారు. ఒకడు వెనక్కి, ఒకడు పక్కకి, ఇద్దరు ఒకరి మీద ఒకరు. సిమెంటు బస్తాలు దించినట్టు దొర్లుతున్నారు. అద్దం అవతలి జనం ఫోన్లు ఎత్తి తీసుకుంటున్నారు. గులాం మొహిద్దీన్ కూడా పడ్డాడు, టోపీ ఎగిరిపోయింది, బట్టతల మీద మంచు అంటుకుంది. ఏడాదిపాటు ఆయన కేకలు తిన్నవాళ్లంతా కడుపుబ్బ నవ్వారు. వాలు మధ్యలో వంపు తిరిగే చోట ముదీర్ నిలబడి, "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ చప్పట్లు కొడుతున్నాడు. పక్కన విక్రమ్. రాకేశ్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

అందరూ పడుతున్నారు. పడటం ఇక్కడ ఎంత తేలిక! వెంకట్రాములు పట్టా మీద పైకి పోతూ వాళ్లనే చూశాడు. వంపు దగ్గర, ముదీర్‌కు రెండు బారల దూరంలో, ఎడమవైపు పడాలి. భోజన్న ముందే చెప్పి పెట్టాడు. పడగానే అరవాలి, లేవకూడదు. అంతే పని.

పైన సనావుల్లా అతని భుజం పట్టి సరిగా నిలబెట్టాడు. ఎడమ మోకాలు ఎలాగూ తిన్నగా రాదు, కుడికాలు దానికి జోడుగా వంగింది. మూడు నెలలుగా అతను నిలబడే తీరే అంత. సనావుల్లా వెనక్కి తగ్గి చూసి, "వాహ్ ఉస్తాద్! ఇదీ నిలబడటమంటే!" అన్నాడు.

తోశాడు. వెంకట్రాములు జారాడు.

కాళ్ల కింద నేల పోతున్న ఆ మొదటి క్షణంలో అతనికి తెలిసిన భయమే వచ్చింది. తాటిచెట్టు నడుమన మోకు సడలినప్పుడు ఇలాగే ఉండేది. అతని చిన్నాయన చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. మేనబావ పడి నడుము విరిగి పదేళ్లు మంచంలో ఉన్నాడు. పడకుండా ఉండటం ఒక్కటే ఆ ఇంట్లో తండ్రి కొడుక్కి నేర్పేది. కల్లు గీయడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ముందు పడకుండా ఉండటం నేర్చుకోవాలి. గాలికి చెట్టు ఊగితే దానితో ఊగాలి, ఒళ్లు బిగించకూడదు, బరువు కాళ్లలోకి దించాలి. ఇవేవీ వెంకట్రాములు ఇప్పుడు ఆలోచించలేదు. వాటంతటవే జరిగిపోయాయి. వాలు ఎటు పోతే ఒళ్లు అటు వాలింది. వంపు వచ్చింది, ముదీర్ మొహం కనిపించింది, పడాలి, పడాలి అనుకున్నాడు. కళ్లు కూడా మూసుకున్నాడు. కళ్లు తెరిచేసరికి వంపు దాటి, అడుగుదాకా వచ్చి, నిలబడే ఉన్నాడు.

షెడ్డంతా కేకలు పెట్టింది. ఈలలు వేశారు. అద్దం అవతల కాఫీ తాగేవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. భోజన్న ఒక్కడే నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ముదీర్ దిగి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. వయసెంతని అడిగాడు. నలభై నాలుగని విక్రమ్ చెప్పాడు. ముందెప్పుడైనా జారాడా అని అడిగాడు. మంచు చూడటమే ఇదే మొదలని చెప్పాడు విక్రమ్. ముదీర్ ఉప్పొంగిపోయి, వీడియో హెడ్డాఫీసుకు పంపాలి, ఇంకోసారి జారమనమన్నాడు. ఈసారి తన ఫోన్‌లోనే తీస్తాడట.

భోజన్న పరుగున వచ్చి చెవిలో గొణిగాడు. "నీకేం పుట్టింది రా? పడుమంటె పందెం గొట్టినట్టు ఉరుకుతున్నవు! ఇగో, ఇంకో మౌకా దొరికింది. ఈసారన్న పడు. నీ కాళ్లు మొక్కుత, పడు."

"పడ్తనే. ఈసారి పడ్త."

మళ్లీ పట్టా ఎక్కాడు. ఈసారి అతను నిజంగా తెగించాడు. వంపు దగ్గరికి రాగానే ఎడమవైపు ఒళ్లంతా వదిలేశాడు. బరువంతా ఆ పక్కకు ఒరిగింది. మంచు మొహం మీదికి లేచి వస్తున్నట్టు కనిపించింది. ఇంకొక్క జానెడు. కానీ ఆ జానెడు అతని చేతిలో లేదు. రెండు చేతులూ వాటంతటవే బార్లా చాచుకున్నాయి, నడుము విరుచుకుంది, ఎడమకాలు ఆ బరువంతటినీ తన మీద వేసుకుని తిరిగి నిలబెట్టింది. మోకాలి లోపల టక్కుమని ఏదో తెగింది. ఆ చప్పుడు అతనొక్కడికే వినిపించింది. నొప్పికి మొహం బిగుసుకుపోయి పళ్లు బయటపడ్డాయి. వీడియోలో అది నవ్వులాగే ఉంటుంది.

అడుగున నిలబడ్డాడు. నిలబడ్డాడన్నది కూడా సరికాదు, పడలేకపోయాడు. మనుషులు వచ్చి ఎత్తుకున్నారు. అరవై మంది నడుమ అతను గాల్లో ఊగుతుంటే, 'అయ్యో, దించండ్రా' అని భోజన్న ఏడుపుగొంతుతో అరిచాడు. అది కూడా అందరికీ సంతోషంగానే వినిపించింది.

దించాక ఒక్క అడుగు వేయలేకపోయాడు. సనావుల్లాకు అనుమానం వచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, బూటు విప్పి, ప్యాంటు మీద నుంచే మోకాలు తడిమి చూశాడు. చూస్తుండగానే వాస్తోంది.

"యే ఘుట్నా తో పహ్‌లే సే ఖరాబ్ హై, భాయ్," అన్నాడు చిన్నగా, ముందే పాడైన మోకాలని కనిపెట్టి.

భోజన్న అతని చేతులు పట్టుకున్నాడు. వచ్చీరాని హిందీలో బతిమాలాడు, పడ్డాడని కాగితం రాయమని. సనావుల్లా చెయ్యి విడిపించుకుని పైకప్పు వైపు చూపించాడు. ఇక్కడ మూల మూలనా కెమెరాలున్నాయనీ, పడనివాడు పడ్డాడని రాస్తే తన ఉద్యోగం కూడా పోతుందనీ అన్నాడు. "గిరే హీ నహీ! మీవాళ్లంతా పడ్డారు. ఒక్కసారైనా పడకుండా దిగినవాడు ఇతనొక్కడే." చివరికి ఒక సంచిలో మంచు నింపి, మోకాలి మీద తానే పెట్టి పట్టుకున్నాడు. అంతకన్నా అతను మాత్రం ఏంచేస్తాడు? బయటికి వచ్చేదాకా వెంకట్రాములు భుజం వదల్లేదు, తన ఇంటి మనిషిని నడిపించినట్టు నడిపించాడు.

శనివారం వెంకట్రాములు మంచం దిగలేదు. ఆదివారం భోజన్న అతన్ని మోసుకున్నట్టే ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ దాపరికమంతా వదిలేసి, అచ్చు తలుపు పడ్డ రోజు నుంచి మొత్తం చెప్పేశారు. విక్రమ్ అడ్డురాకుండా విన్నాడు. విని, లేచి తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఈ ముక్క ఆ రోజే చెప్తే ఏమయ్యేదండీ?" అన్నాడు.

ఏమయ్యేదో అతనికీ తెలుసు. బోర్డు సున్నా అయ్యేది.

"ఇప్పుడు ఫైల్లో ఏముందంటే, బాత్రూములో జారిపడ్డారని ఉంది, కింద మీ వేలిముద్ర ఉంది. సరే, దాన్ని ఎలాగోలా తిరగదోడదాం అనుకున్నా..." అంటూ ఫోన్ తీసి చూపించాడు. తెల్లటి వాలు మీద నీలికోటు మనిషి చేతులు బార్లా చాచి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ దిగుతున్నాడు. "ముదీర్ గారు దీన్ని హెడ్డాఫీసుకి పంపారు. వాళ్లు అన్ని బ్రాంచీలకీ పంపారు. మూడు నెలల కిందట మోకాలు విరిగిన మనిషి ఇలా జారాడంటే నేనెవరికి చెప్పుకోనండీ? నా మొహాన నవ్వుతారు." ఫోన్ బోర్లా పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు. "మీరు పడుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి వెంకట్రాములు గారూ. ఒక్కసారి పడుంటే చాలు."

వెంకట్రాములుకు ఆ మాటతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అచ్చు తలుపు పడ్డనాడు కూడా అతను ఏడవలేదు.

గురువారం మెడికల్‌లో డాక్టరు కూర్చోమన్నాడు. కూర్చోవడమే కాలేదు, లేచే మాట తరవాత. 'సొంత కారణాల వల్ల అయిన గాయం, పనికి తగడు' అని రాశాడు. పదిరోజుల్లో వెళ్లేలా టికెట్ కొన్నారు. గులాం మొహిద్దీన్ రాత్రి గదికి వచ్చి, ఖర్జూరాల డబ్బా మంచం మీద పెట్టి, "మాఫ్ కరో రాములూ" అని వెళ్లిపోయాడు. రాకేశ్ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని, వీడియో తీసినందుకు తన చేతులు విరగ్గొట్టుకోవాలన్నాడు. నీ తప్పేముందిరా అని వెంకట్రాములే వాణ్ణి ఓదార్చవలసి వచ్చింది.

ఆ వారంలోనే గేటు దగ్గర పచ్చ బోర్డు పక్కన ఇంకో బోర్డు వెలిసింది. నీలికోటు, బార్లా చాచిన చేతులు, నవ్వు. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. బస్సు దిగి వచ్చే కొత్తవాళ్లు దాన్ని చూసి, పక్కన భోజన్న భుజం పట్టుకుని కుంటుకుంటూ పోతున్న మనిషిని చూసి, ఇద్దరూ ఒకరేనని పోల్చుకోలేదు.

ఇంటికి పొమ్మన్నారన్న మాట సమ్మవ్వకు ఎలా చెప్పాలో తెలియక అతను వారంరోజులు ఫోన్ చేయలేదు. వెళ్లే ముందు శుక్రవారం, మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆమే ఇమోలో వీడియో కాల్ చేసింది. ఫోన్‌లో మొహం వెలిగిపోతోంది. వెనక కల్పన, కూతురు, తొంగి చూస్తోంది.

"నువ్వు చెప్పకుంటె నాకు తెల్వదనుకున్నవా? రాకేశ్ గాడు గ్రూపుల పెట్టిండు. ఊరు ఊరంత జూసింది! మంచుల ఎట్ల ఉరికినవయ్యా! నేనైతె పదిమార్లు జూసిన."

వెంకట్రాములు ఏదో అనబోయాడు. ఆమె వినే స్థితిలో లేదు.

"మోకాలు నొస్తుంది, మోకాలు నొస్తుంది అని మూడు నెలలు నన్ను ఏడిపిస్తివి. దేవునికి మొక్కని రోజు లేదు. ఇప్పుడు కండ్లార జూసిన. చెట్టెక్కినప్పుడు ఎట్ల నిలవడుతవో అట్లనే నిలవడ్డవు. గా కాళ్లు నాకు తెల్వదా?"

"సమ్మవ్వా, నేను వస్తున్ననే."

"తెలుసు, రాకేశ్ వాళ్లమ్మ జెప్పింది, వీసా అయిపోయిందట గద. రా. ఇగ ఆ దుబాయి వద్దు, ఏం వద్దు. ఇనుమని చెప్తున్న ఇను. మన గౌడ సంఘంల చెట్లు మళ్ల పంచుతున్నరు. నిన్న మీటింగు పెట్టిండ్రు. దుబాయిల ఉన్నోనికి చెట్లెందుకని కొందరన్నరు. నేను ఊకుంటనా? లేచి నిలవడ్డ. ఫోన్ తీసి గా ఈడియో అందరికి జూపిచ్చిన. ఇట్ల నిలవడేటోనికి చెట్లియ్యరా అన్న. ఒక్కడు నోరెత్తలే. చెరువు కింది ఇరవై రెండు చెట్లు నీ పేరు మీద రాసిండ్రు!"

పక్క మంచం మీద భోజన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇనవడుతుందా? ఇరవై రెండు చెట్లు! మంచిగ కల్లు పారే చెట్లు. కొత్త మోకుకు గూడ చెప్పిన, నువ్వచ్చేటాల్లకు తయారైతది. ఎప్పుడు దిగుతవు? ఎల్లుండి పొద్దున్ననా? మంగళారం మంచి దినం, ఆ రోజే చెట్టుకు మొక్కి ఎక్కుదువు."

వెంకట్రాములు ఫోన్‌ను మొహానికి బాగా దగ్గరగా పట్టుకున్నాడు. మంచం మీద వంచి పెట్టిన కాలు ఆమెకు కనపడకూడదు.

"ఎక్కుత," అన్నాడు.